అటకకు మడత నిచ్చెన: నిచ్చెనకి నాలుగు స్టార్లు, మాన్యువల్‌కి ఒకటిన్నర

మూడు మడతల చెక్క నిచ్చెన, దాన్ని మోసే చట్రం, కింద తెల్లటి మూత, అన్నీ కలిపి ఒకే పెట్టెలో వచ్చే రకం ఇది. పెట్టె మీద బొమ్మలో ఒకాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో స్క్రూడ్రైవర్ ఒక్కటి పట్టుకుని నవ్వుతుంటాడు. ఆయన తల మీద సీలింగ్‌లో 120 × 60 సెంటీమీటర్ల కన్నం అప్పటికే నీటుగా కోసి ఉంటుంది. ఆ కన్నం ఎలా కోశారో మాత్రం పెట్టెలో ఎక్కడా లేదు. మాన్యువల్‌లో ఉన్నదల్లా "తగిన సైజు రంధ్రం ఉందని నిర్ధారించుకోండి" అన్న ఒక్క ముక్క. మా అటకకి ఉన్న పాత కన్నం 50 × 35. భుజాలు పక్కకి తిప్పితే తప్ప మనిషి దూరడు.

నిచ్చెన వరకైతే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. మెట్లు వెడల్పుగా ఉన్నాయి, గాళ్ళు గీసి ఉండడం వల్ల పాదం జారదు. 150 కిలోలు మోస్తుందని రాశారు. లాఫ్ట్ నిచ్చెనలకి ఉన్న యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 14975 అడిగేదీ ఆ బరువే. చేతిలో నిండు సూట్‌కేసుతో ఎక్కినా కిర్రుమనలేదు. స్ప్రింగులు బాగా పట్టి ఉంచుతాయి, మూత ధడాలున తల మీదికి రాదు. కాళ్ళు కాస్త పొడవుగానే ఇచ్చి, మీ నేలకి తగ్గట్టు కోసుకోమన్నారు. ఆ కొలత తీసే పద్ధతి ఒక్కటే మాన్యువల్‌లో శ్రద్ధగా రాసిన పేజీ.

ఇక కన్నం సంగతి. కొనేముందు అటకలోకి టార్చి వేసుకుని వెళ్ళి చూడాల్సింది మీ పైకప్పు ఏ రకమో. ఫ్యాక్టరీలో త్రికోణాలుగా చేసి తెచ్చి నిలబెట్టిన ట్రస్‌లైతే, అడుగున అడ్డంగా ఉన్న చెక్కని ముట్టుకోకూడదు. పైకప్పు బరువుకి వాలు వాసాలు గోడలని బయటికి తోస్తుంటాయి, ఆ అడుగు చెక్క వాటిని లోపలికి బిగించి పట్టుకున్న తాడు లాంటిది. సీలింగ్ మోయడానికే ఉందనుకుని దాన్ని కోస్తే కప్పు మొత్తానికే ముప్పు. అలాంటి ఇంట్లో వాళ్ళకి ఇదే కంపెనీ 55 వెడల్పు మోడల్ ఉంది. ట్రస్‌ల మధ్య దూరం 60 అయితే, చెక్క మందం పోగా మిగిలే 56 చిల్లరలో అది పడుతుంది. కన్నాన్ని పొడవు వైపు మాత్రమే పెంచితే చాలు. ఈ ఒక్క మాట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. వెయ్యలేదు.

మాది చెక్కలు కోసి అక్కడే కట్టిన పాత రకం కప్పు, దూలాలు 40 సెంటీమీటర్లకి ఒకటి. 60 వెడల్పు కావాలంటే మధ్యలో ఒక దూలం పోక తప్పదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలిచి చూపించాం. కొయ్యొచ్చు అని, ఎక్కడ ఏ చెక్క వెయ్యాలో గీసిచ్చారు. ఆ కాగితం చూసి వడ్రంగి, "సార్, ఇది నిచ్చెన పని కాదు, దూలం పని" అన్నాడు. నిజమే. అందుకే ఆ భాగం అతనికే వదిలేసి మిగతాది నేనూ మా ఆవిడా చేసుకున్నాం.

అతను చేసిన వరస చెబుతాను, ఎందుకంటే వరస తప్పితేనే ప్రమాదం. దూలాన్ని కోయబోయే రెండు చోట్లకీ అవతల, సీలింగ్ కింద దూలాలకి అడ్డంగా పలకలు పెట్టి, వాటి కింద స్క్రూ జాకీలు నిలబెట్టి బిగించాడు. ఆ తర్వాతే రంపం తీశాడు. కన్నం పొడవు, చట్రం చుట్టూ వదిలే సందుతో కలిపి, 121 అయినా దూలాన్ని కోసింది 141. ఎందుకంటే తెగిన రెండు కొసలకీ దూలమంత ఎత్తున్న అడ్డచెక్కలు జంటగా రావాలి, జంట మందం ఒక్కోవైపు 10. ఈ లెక్క తెలియక సరిగ్గా 121కే కోస్తే అడ్డచెక్కలకి చోటే ఉండదు. అడ్డచెక్కలు పక్క దూలాలని ఆనుకునే చోట ఇనుప హ్యాంగర్లు (చెక్క కొసని పట్టి మోసే తొడుగులు), వాటి ప్రతి రంధ్రంలోనూ మేకు. తెగిన దూలం బరువు ఇప్పుడు పక్క రెండింటి మీదా పడుతుంది కాబట్టి వాటికి కూడా తోడు చెక్కలు బిగించాడు. ఇదంతా అయ్యాకే జాకీలు దింపాడు.

సీలింగ్ బోర్డు కోసింది నేను. పవర్ రంపం వాడలేదు. పైనుంచి నాలుగు మూలల్లో డ్రిల్లుతో చిన్న రంధ్రాలు వేసి, కింద వాటిని కలుపుతూ గీతలు గీసి, చేతి రంపంతో కోశాను. అంతకుముందే ఇన్సులేషన్ దూది (చలి, వేడి ఆపడానికి సీలింగ్ మీద పరిచేది) పక్కకి లాగి చూస్తే, దాని కింద మెట్ల లైటు వైరు సరిగ్గా కోసే గీత మీదుగా పోతోంది! మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, ఎలక్ట్రీషియన్‌తో దాన్ని జరిపించాకే ముందుకెళ్ళాం. పైన ఉన్నంతసేపూ దూలాల మీద పరిచిన పలకల మీదే కాలు. బోర్డు మీద అడుగేస్తే నేరుగా కింద గదిలో తేలతారు. మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఆ దూది జోలికి వెళ్ళొద్దు, ఒకటే దురద. పాత ఇళ్ళలో సీలింగ్ మీది గరుకు పూతలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అనుమానం ఉంటే ల్యాబ్ పరీక్ష అయ్యేదాకా గీత కూడా పెట్టకండి.

చట్రం బిగించడం మాత్రం నిజంగానే సులువు. నాలుగు వైపులా అర సెంటీమీటరు వదిలి, చెక్క పేళ్ళు దోపి, మూలమట్టం పెట్టి చూసుకుని స్క్రూలు బిగించాలి. అటూ ఇటూ రెండు మూలల మధ్య ఐమూల కొలతలు సమానంగా రాకపోతే మూత ఒకవైపు రాసుకుంటుంది.

లోపాలు రెండు. మూత లోపలి ఇన్సులేషన్ 3 సెంటీమీటర్లే, పక్కన సీలింగ్ మీద ఉన్న దూదితో పోలిస్తే ఏ మూలకీ చాలదు. అంచు చుట్టూ ఉన్న రబ్బరు సీలు మాత్రం గట్టిది, కింది తేమ గాలి పైకి పోనివ్వదు. రెండోది, చెయ్యి పట్టుకునే కడ్డీ ఒక పక్కనే ఇచ్చారు, అదీ పై మెట్టుకి ముందే ఆగిపోతుంది. దిగేటప్పుడు మొదటి కాలు పెట్టే చోట పట్టుకోడానికి ఏమీ లేదు. పైన కన్నం చుట్టూ వేసే రెయిలింగ్ విడిగా అమ్ముతున్నారు. అది కూడా కలిపి ఆర్డర్ పెట్టుకోండి.