పాసివ్ ట్రాన్స్‌ఫార్మర్ బాక్స్: బేస్ బస్‌కి బంగారం, మాస్టర్ బస్‌కి అనుమానం

మిక్స్‌లోని శబ్దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి పంపి కాస్త రంగు, చిక్కదనం తెచ్చే పెట్టె ఇది. రెండు 600:600 ఓంల లైన్ ట్రాన్స్‌ఫార్మర్లు, సిలికాన్ స్టీల్ కోర్, ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్, ఛానెల్‌కో బైపాస్ స్విచ్, సెకండరీ (అవుట్‌పుట్ వైపు చుట్ట) మీద 600 ఓంల లోడ్ రెసిస్టర్ పెట్టడానికీ తీయడానికీ ఇంకో స్విచ్. పెట్టెలో ఉన్నది ఇంతే, కరెంటు కూడా అక్కర్లేదు. చాలా కాలంగా మిక్స్‌లలో వాడాక తేలిందేమిటంటే, ఇది లో-ఎండ్ పనిముట్టు. మిక్స్ మొత్తాన్ని దీంట్లోంచి పంపితే చాలు, వెచ్చగా మారిపోతుందని ఆశపడి కొంటే నిరాశే మిగులుతుంది. బేస్, కిక్, డ్రమ్ బస్‌ల (ట్రాక్‌లు కలిసి వెళ్లే దారుల) మీద సరైన లెవెల్‌లో నడిపితే మాత్రం పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది.

కారణం కోర్‌లోనే ఉంది. కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) వోల్టేజీతో పాటు పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. అదే లెవెల్‌లో 100 హెర్ట్జ్ బదులు 50 హెర్ట్జ్ పంపితే ఫ్లక్స్ రెట్టింపవుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర కోర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఫ్లక్స్‌తో కోర్ నిండేకొద్దీ శబ్దం రూపు వంకరపోతుంది, అదే డిస్టార్షన్. అందుకే అది దాదాపు అంతా అడుగునే పుడుతుంది, అందులోనూ ఎక్కువ భాగం మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లున్న స్వరం). 50 హెర్ట్జ్ నోట్‌కి 150 హెర్ట్జ్ తోడవుతుంది కాబట్టి, 50ని పలకలేని చిన్న స్పీకర్లలో కూడా బేస్ లైన్ తెలుస్తుంది. రెండో హార్మోనిక్ గణనీయంగా రావాలంటే కోర్‌లో డీసీ పారాలి, లేదా ట్రాన్స్‌ఫార్మర్‌ని నడిపే యాంప్‌లోంచి రావాలి. వట్టి పాసివ్ పెట్టెని చూపించి సెకండ్ హార్మోనిక్ గురించి గొప్పలు చెప్పే ప్రకటనల్ని నమ్మక్కర్లేదు.

ఇక లెవెల్. కన్వర్టర్‌లో (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా, అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చే పరికరంలో) 0 డీబీఎఫ్‌ఎస్, అంటే డిజిటల్ గరిష్ఠం, +24 డీబీయూ (అనలాగ్ లెవెల్ కొలత) అయితే, మైనస్ 20 డీబీఎఫ్‌ఎస్ దగ్గర బయటికొచ్చేది +4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. ఆ లెవెల్‌లో ఈ పెట్టె పెట్టినా తీసినా తేడా పట్టుకోవడం కష్టం. కిక్ పీక్‌లు +14 దాటాక పని మొదలవుతుంది, +20 దగ్గర బేస్ చిక్కబడుతుంది, ఇంకా తోస్తే దెబ్బ మొన పోయి ఉబ్బినట్టు వినిపిస్తుంది. చిన్న కోర్ అయితే ఈ అంకెలు కిందికి, పెద్దదైతే పైకి జరుగుతాయి. కన్వర్టర్ గరిష్ఠంగా +18 మాత్రమే ఇస్తే ఇలాంటి పెట్టెని గట్టిగా నడపడం కుదరదు. దానికో ఉపాయం ఉంది. పంపే ముందు డీఏడబ్ల్యూలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో) 80 హెర్ట్జ్ లో-షెల్ఫ్‌ని (అడుగు ఫ్రీక్వెన్సీలన్నిటినీ పెంచే, తగ్గించే ఈక్యూని) 4 డీబీ పెంచి, తిరిగొచ్చాక అదే షెల్ఫ్‌ని 4 డీబీ తగ్గించాలి. టోన్ యథాస్థానానికి వస్తుంది, కోర్ మీద మాత్రం 4 డీబీ ఎక్కువ భారం పడుతుంది. పెంచిన షెల్ఫ్ వల్ల కన్వర్టర్ క్లిప్ కాకుండా చూసుకోవాలి.

లెవెల్ తర్వాత ఎక్కువ మార్పు తెచ్చేది సోర్స్ ఇంపెడెన్స్, అంటే పెట్టెకి సిగ్నల్ పంపే పరికరం అవుట్‌పుట్ నిరోధం. కోర్ సంతృప్తతకి (పూర్తిగా నిండిపోవడానికి) దగ్గరయ్యేకొద్దీ మాగ్నటైజింగ్ కరెంట్ (కోర్‌ని అయస్కాంతంగా మార్చే కరెంట్) వంకర తిరుగుతుంది. ఆ వంకర కరెంట్ సోర్స్ రెసిస్టెన్స్ మీద పడి వోల్టేజ్ వంకరగా బయటపడుతుంది. సోర్స్ 100 ఓంలైతే తక్కువ, 500 అయితే ఎక్కువ. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో సిగ్నల్ మోసే పిన్ 2, పిన్ 3 దారుల్లో చెరో 220 ఓంల రెసిస్టర్ సిరీస్‌లో పెడితే తేడా వెంటనే వినిపిస్తుంది. అయితే 600 ఓంల లోడ్ తీసేసే ఈ పని చేయాలి. లోడ్ ఉండగా చేస్తే ఇంకో 4 డీబీ పైగా లెవెల్ పోతుంది, కోర్‌కి చేరే వోల్టేజీ కూడా అంతే తగ్గి అసలు ఉద్దేశమే చెడుతుంది. 10 కిలోఓంల ఇన్‌పుట్‌లోకి పంపితే నష్టం అర డీబీ లోపే. రూపర్ట్ నీవ్ డిజైన్స్ పరికరాల్లో సిల్క్ బటన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీది నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌ని తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వంకరని సరిదిద్దే శక్తిని తగ్గించడమే అక్కడా జరిగేది.

లోడ్ తీస్తే చిక్కు పై కొసన వస్తుంది. లీకేజ్ ఇండక్టెన్స్, వైండింగ్ కెపాసిటెన్స్ కలిసి రెసొనేట్ అయి పై ఫ్రీక్వెన్సీల్లో గుబ్బ లేస్తుంది. సింబల్స్ గరుకుగా ఉన్నాయంటే అనుమానం దీనిమీదే. నీవ్ 1073 మైక్ ప్రీయాంప్ అవుట్‌పుట్ కూడా 600 ఓంల లోడ్‌ని ఆశించేదే కాబట్టి అక్కడా ఇదే తంతు. 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పంపి, స్కోప్ మీద అంచు దగ్గర అలలు కనిపిస్తే సెకండరీకి అడ్డంగా రెసిస్టర్, కెపాసిటర్ సిరీస్‌లో పెట్టి జోబెల్ (ఆ అలల్ని అణచే జత) కట్టాలి. 1 కిలోఓం, 2.2 నానోఫారడ్‌తో మొదలుపెట్టి అలలు సద్దుమణిగే దాకా విలువలు మారుస్తూ పోవాలి. అన్ని ట్రాన్స్‌ఫార్మర్లకీ పనికొచ్చే ఒకే విలువ లేదు.

మాస్టర్ బస్ (మిక్స్ మొత్తం వెళ్లే దారి) మీద అనుమానం ఇంటర్‌మాడ్యులేషన్ వల్ల, అంటే ఒక శబ్దం ఇంకో శబ్దాన్ని చెడగొట్టడం వల్ల. కోర్ నిండిన ఆ క్షణంలో నలిగేది కిక్ ఒక్కటే కాదు, అప్పుడు దాంట్లోంచి వెళుతున్న గొంతు, గిటార్ కూడా. సబ్ బేస్ బలంగా ఉన్న మిక్స్‌లో ప్రతి కిక్‌కీ గొంతు కాస్త మసకబారుతుంది. మాస్టర్ మీద తప్పనిసరిగా కావాలంటే పీక్‌లు +12 దాటకుండా ఉంచి, ఆ కొంచెంతోనే తృప్తి పడాలి.

దీని పనితనాన్ని తూచడంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒరిజినల్ ఫైల్‌తో పోల్చకూడదు. కన్వర్టర్ అవుట్ నుంచి ఇన్‌కి వట్టి కేబుల్ కట్టి రికార్డ్ చేసిన దానితో పోల్చాలి, లేకపోతే కన్వర్టర్ల రంగు కూడా ట్రాన్స్‌ఫార్మర్ ఖాతాలో పడుతుంది. 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో రెండింటినీ 0.1 డీబీ లోపు సమం చేయాలి. అర డీబీ తేడా ఉన్నా ఎక్కువ ఉన్నదే వెచ్చగా అనిపిస్తుంది. ఒకదాని పోలారిటీ తిప్పి రెండింటినీ కలిపి నల్ చేసి (ఒకేలా ఉన్నదంతా రద్దు చేసి), మిగిలిన శబ్దమంతా హార్మోనిక్సే అనుకోవద్దు. అందులో లో-ఎండ్ ఫేజ్ జరుగుడు కూడా ఉంటుంది. అసలు సంగతి తెలియాలంటే 50 హెర్ట్జ్ సైన్ పంపి, ఎనలైజర్‌లో 150 దగ్గర చూస్తే సరి.

పెట్టెలోంచి వచ్చిన దాన్ని అసలు ట్రాక్‌తో ప్యారలల్‌గా కలపడం ఇబ్బందే. లేటెన్సీని (సిగ్నల్ తిరిగొచ్చే ఆలస్యాన్ని) పింగ్ చేసి, అంటే ఒక టిక్ పంపి కొలిచి, సరిచేయకపోతే, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లో 10 శాంపిల్స్ తేడాకి రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునే మొదటి గుంట 2.4 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. శాంపిల్ రేట్ మారినప్పుడల్లా మళ్లీ పింగ్ చేయాలి.

హమ్ వస్తే ముందు పెట్టెని పవర్ సప్లైలకి, యాంప్‌లకి దూరంగా జరిపి, 90 డిగ్రీలు తిప్పి చూడండి. చాలాసార్లు దాంతోనే పోతుంది. మ్యూమెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మిశ్రలోహం) కవచం ఉన్నవి ఈ విషయంలో మేలు, కానీ కింద పడేస్తే మ్యూమెటల్ గుణం తగ్గుతుంది. ఫాంటమ్ (మైక్‌కి కేబుల్‌లోనే పంపే డీసీ కరెంటు) ఆన్ అయి ఉన్న మైక్ ఇన్‌పుట్‌కి దీన్ని తగిలించకూడదు. రెండు కాళ్లకీ (పిన్ 2, 3) వోల్టేజ్ సమంగా రాకపోతే డీసీ పారి కోర్‌లో అయస్కాంతత్వం నిలిచిపోతుంది, ఎడమ కుడి ఛానెళ్లు వేరువేరుగా పలుకుతాయి. 30 హెర్ట్జ్ టోన్‌ని గట్టిగా పెట్టి అర నిమిషం పాటు మెల్లగా సున్నాకి దించితే కోర్ మళ్లీ మామూలవుతుంది. మోనోలో బేస్ మాయమైతే ఒక వైండింగ్ తిరగబడి సోల్డర్ అయిందన్నమాట.

నికెల్ కోర్‌ది వేరే దారి. 80 శాతం నికెల్ 0.8 టెస్లా (ఫ్లక్స్ సాంద్రత కొలత) దగ్గరే నిండిపోతుంది, సిలికాన్ స్టీల్ దాదాపు 2 దాకా వెళుతుంది. అయినా తక్కువ లెవెల్స్‌లో నికెల్ శుభ్రం, స్టీల్‌కి హిస్టెరిసిస్ (కోర్ అయస్కాంతత్వం సిగ్నల్ వెనకే ఆలస్యంగా మారడం) వల్ల చిన్న శబ్దాల మీద కూడా కొంత మచ్చ ఉంటుంది. జెన్సెన్ జేటీ-11పీ-1 లాంటి ట్రాన్స్‌ఫార్మర్లు రంగు వేయకూడదని చేసినవి, వాటిలో వెచ్చదనం వెతకడం వృథా.

ఇన్నాళ్లలో అరిగిపోయింది స్విచ్ ఒక్కటే, కాంటాక్ట్ క్లీనర్‌తో బాగుపడింది. అసౌకర్యమల్లా, ప్రతి పాటనీ నిజ సమయంలోనే ప్రింట్ చేయాలి, అంటే పాట నడిచినంతసేపూ పెట్టెలోంచి పంపి రికార్డ్ చేయాలి. రివిజన్లు ఎక్కువగా వచ్చే పనుల్లో బేస్ ట్రాక్‌ని ముందే ప్రింట్ చేసి, పంపిన లెవెల్‌ని ఫైల్ పేరులోనే రాసి పెట్టుకుంటే మళ్లీ తీగలు కట్టే పని ఉండదు.