గుండీల బోర్డు: బల్ల మీద సరే, ఒంటి మీద?

మా వాడికి 9 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పుదామని ఆన్‌లైన్‌లో ఈ గుడ్డ బోర్డు తెప్పించాను. గుండీలు, జిప్పు, ప్రెస్ బటన్లు, లేసు ఉన్నాయి.

గుండీల భాగం నిజంగా బాగుంది. గుండీలు పెద్దవి, కాజాలు వదులు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే నిపుణురాలు) చెప్పినట్టు పనిలో చివరి మెట్టు నుంచి మొదలుపెట్టాం. గుండీ సగం దూర్చి నేనిస్తాను, అవతలి నుంచి వాడు లాగితే చాలు. పని పూర్తి చేసిన సంతోషం వాడిదే! తర్వాత దూర్చడం కూడా వాడికే వదిలేశాను. ఒక చేత్తో గుడ్డ పట్టుకుని రెండో చేత్తో గుండీ తొయ్యాలి కదా, ఆ రెండు చేతులూ కలవడానికే నెలన్నర పట్టింది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి మరీ చేసేవాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఒంటి మీది చొక్కా దగ్గర చేతులు ఆడవు. మెడ వంచి చూడాలి, కాజా బిగుతు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఒకచోట నేర్చింది ఇంకోచోటికి దానంతట అది రాదు. బోర్డుకి పట్టీలు కుట్టి వాడి ఛాతీకి కట్టాక కాస్త దారిలో పడ్డాడు. ఆ పట్టీలేవో వాళ్లే ఇవ్వొచ్చుగా?

జిప్పు మాత్రం దండగ. అడుగున కలిపి కుట్టేశారు. అసలు కష్టమంతా అడుగున ఒక వైపు కొసని రెండో వైపు దూర్చడంలోనే ఉంటే!

మూడు స్టార్లు. పట్టీలుంటే నాలుగిచ్చేదాన్ని.