ఉద్దానం తీరంలో ఒక రిసార్టు: వసతి బాగుంది, హెచ్చరికే లేదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, జాతీయ రహదారి దిగి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఉన్న ఒక రిసార్టులో ఈ వేసవి సెలవులకు మా అక్కచెల్లెళ్ళ కుటుంబాలు కలిసి బస చేశాం. చిన్నపిల్లలతో ఇటువైపు రావాలనుకునేవారికి పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. రిసార్టు పేరు మాత్రం రాయడం లేదు; ఇక్కడ చెప్పబోయే లోపం ఆ ఒక్క చోటిదే అయి ఉంటుందని నేను అనుకోవడం లేదు.

ముందుగా బాగున్న సంగతులు చెప్పాలి. గదులు విశాలంగా, శుభ్రంగా ఉన్నాయి. సముద్రపు గాలి నేరుగా వరండాలోకి వస్తుంది. వంట స్థానికులే చేస్తారు కనుక పనసపొట్టు కూర, జీడిపప్పు వేసి వండిన కోడికూర, పొద్దున్నే ఒడ్డుకు వచ్చిన చేపలతో పెట్టిన పులుసు మా ఇళ్ళలో తిన్నట్టే ఉన్నాయి. పిల్లలకు కారం తగ్గించి వేరుగా వండిపెట్టారు. వడ్డించేవారు, గదులు ఊడ్చేవారు, తోటపనివారు అందరూ ఎంతో ఆదరంగా మాట్లాడారు. వారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నిజానికి మాకు తెలియవలసిన విషయం తెలిసింది వారి వల్లనే.

పిల్లల ఆటస్థలం జీడితోటకు ఆనుకుని ఉంది. ఉయ్యాలలు, జారుడుబల్ల ఉన్న ఆ ఇసుక జాగాకూ తోటకూ మధ్య కంచె లేదు, దీపమూ లేదు. పొద్దుగూకే వేళ మా చెల్లెలి కొడుకు బంతి వెంట తోటలోకి పరుగెత్తబోతే, మొక్కలకు నీళ్ళు పెడుతున్న పెద్దావిడ గొట్టం అక్కడే పడేసి, కేక వేసి వాణ్ణి ఆపింది. వాణ్ణి చేయిపట్టి మా దగ్గరకు తీసుకువచ్చి, "సీకటి పడ్డాక గుంటల్ని ఆ పక్కకి ఎల్లనీకండమ్మా, పనస పండే నెలల్లో ఎలుగులు దిగుతాయి" అంది. అప్పటికి మా చెల్లెలు పిల్లవాడికి పది అడుగుల దూరంలోనే ఉంది. ఆమె పిల్లవాణ్ణి చూస్తూనే ఉంది; ఆ చెట్ల మధ్య ఏముందో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఉద్దానంలో ఎలుగుబంటి భయం పుకారు కాదు. 2018 జూన్‌లో సోంపేట మండలంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు ఇద్దరూ చనిపోయారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వద్ద ఒక రైతు ప్రాణం పోయింది. ఆ మరునాడు అదే ఎలుగు మరికొందరిని గాయపరిచింది. దానికి మత్తు ఇచ్చి బంధించినా, చివరకు అదీ బతకలేదు. పండిన పనస, జీడిమామిడి పళ్ళ వాసనకు కొండల నుంచి తోటల్లోకి వచ్చే ఈ జంతువు సాధారణంగా సంధ్యవేళ నుంచి తెల్లవారేవరకు తిరుగుతుంది. దానికి చూపు అంతంతమాత్రం కావడంతో మనిషి దగ్గరకు వచ్చేదాకా గమనించదు; గమనించిన మరుక్షణం బెదిరి మీదపడుతుంది. పిల్లలను వీపున మోసుకు తిరిగే తల్లి ఎలుగు అయితే మరింత ప్రమాదం. అందుకే ఇక్కడి రైతులు మసకచీకట్లో ఒంటరిగా తోటకు వెళ్ళరు, వెళ్ళవలసివస్తే గట్టిగా మాట్లాడుకుంటూ, చేతిలో దీపంతో వెళతారు. ఊళ్ళో అందరికీ తెలిసిన ఈ జాగ్రత్త, డబ్బు కట్టి వచ్చిన అతిథికి తెలియకపోవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

ఎందుకంటే, మేనేజరును అడిగినప్పుడు ఆయన ఎలుగుల సంగతి తనకు తెలియదని అనలేదు. "పిల్లలను కనిపెట్టుకోవలసింది తల్లిదండ్రులే కదండీ, మీరు సంతకం పెట్టిన కాగితంలో కూడా ఉంది" అన్నారు. ఆ కాగితం తెప్పించి చదివాను. పిల్లల భద్రత పూర్తిగా తల్లిదండ్రుల బాధ్యతేననీ, ఏ ప్రమాదానికీ యాజమాన్యం బాధ్యత వహించదనీ అందులో ఉంది. ఏ ప్రమాదమో ఒక్క ముక్క కూడా లేదు. ఎలుగు అని రాస్తే గదులు ఖాళీగా ఉంటాయని భయపడ్డారేమో. అలాంటి భయంతో దాచిన మాటకు రేపు ఒక పసిబిడ్డ మూల్యం చెల్లించవలసివస్తే, అప్పుడు వేలు చూపడానికి తల్లి సంతకం సిద్ధంగా ఉంటుంది.

ఇలా వేలు చూపడం కొత్త కాదు. 2016 జూన్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో, డిస్నీ వారి పెద్ద రిసార్టు ఒడ్డున రాత్రివేళ నీళ్ళ అంచున ఆడుకుంటున్న రెండేళ్ళ బాలుణ్ణి మొసలి జాతికి చెందిన ఆలిగేటరు లాక్కుపోయింది. తండ్రి పక్కనే ఉన్నాడు, నీళ్ళలోకి దూకి పెనుగులాడాడు, అయినా దక్కించుకోలేకపోయాడు. ఈత కొట్టరాదని అక్కడ బోర్డులు ఉన్నాయి. నీళ్ళలో ఆలిగేటర్లు ఉండవచ్చని మాత్రం ఏ బోర్డూ చెప్పలేదు. ప్రపంచం నలుమూలల నుంచి ఎందరో ఆ తల్లిదండ్రులనే తిట్టిపోశారు. ఆ తరువాత కొద్ది రోజులకే ఒడ్డున కంచెలూ, ఆలిగేటర్లు, పాములు ఉన్నాయని చెప్పే బోర్డులూ వెలిశాయి. అంత త్వరగా పెట్టగలిగిన బోర్డు ముందే ఎందుకు లేదన్న ప్రశ్నను, తల్లిదండ్రులను తిట్టినవారిలో ఎంతమంది అడిగి ఉంటారు?

మన రాష్ట్రంలోనే 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ బాలికను చిరుత పొట్టన పెట్టుకున్నప్పుడు కూడా, పిల్లను ముందుకు ఎందుకు పోనిచ్చారని కన్నవారిని నిలదీసిన నోళ్ళు తక్కువేమీ కాదు. అదే ఏడాది జూన్‌లో అదే దారిలో చిరుత ఒక బాలుణ్ణి నోట కరుచుకుని వదిలేసిన సంఘటన అప్పటికే జరిగి ఉంది. బాలిక మరణం తరువాతే మధ్యాహ్నం దాటాక పిల్లలతో నడవకూడదన్న నియమమూ, భక్తులకు చేతికర్రలూ వచ్చాయి.

పిల్లల మీద కన్ను వేసి ఉంచడం తల్లిదండ్రుల పని అనడంలో నాకు సందేహం లేదు. తెలిసి కూడా అజాగ్రత్తగా ఉన్నవారిని నేను వెనకేసుకురాను. కానీ కన్ను వేసి ఉంచడానికైనా ఎటువైపు చూడాలో తెలియాలి. మామూలు ఆటస్థలంలో తల్లి, పిల్లవాడు ఉయ్యాల మీంచి పడతాడేమోనని చూస్తుంది. చెట్ల చీకటి వైపు చూడదు. ఆ వైపు చూడమని చెప్పవలసిన బాధ్యత ఆ నేల గురించి తెలిసినవారిది, ఆ నేలను చూపించి డబ్బు తీసుకుంటున్నవారిది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా, వినియోగదారుడికి తెలియవలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడాన్ని సేవాలోపంగానే పేర్కొంది. ఇటువంటి ఫిర్యాదును రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పెట్టవచ్చు.

పాముల విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం కనిపించింది. వంటశాల వెనక మిగిలిన అన్నం, చేపల వ్యర్థాలు తెరిచిన తొట్టిలోనే ఉంటున్నాయి. వాటికి ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి. పైగా అదనపు పడక అడిగిన కుటుంబాలకు నేల మీద పరుపు వేస్తున్నారు. రాత్రిపూట తిరిగే కట్లపాము నేల మీద నిద్రపోయేవారిని కాటువేస్తే చాలాసార్లు నొప్పి గాని వాపు గాని ఉండదు. పిల్లవాడు కడుపునొప్పి అనో, కనురెప్పలు ఎత్తలేకపోతున్నాననో అనేసరికి విలువైన సమయం గడిచిపోతుంది. నేల మీద పడక వేసేచోట దోమతెర ఇచ్చి, దాని అంచులను పరుపు కిందికి మడవడం పెద్ద ఖర్చు కాదు. పాము కాటుకు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏది, ఎంత దూరం అని రిసెప్షనులో అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఈ వివరం 108 అంకెతో పాటు ప్రతి గది తలుపు మీద ఉండాలి.

సముద్రం దగ్గర కాపలా ఉండే మనిషి లేడు. కెరటాల లాగుడు ఎక్కువ కనుక పిల్లలను మోకాటి లోతు నీళ్ళకు కూడా దింపకపోవడం మంచిది.

తిరిగి వచ్చాక ఇవన్నీ యాజమాన్యానికి రాసి పంపాను. ఎలుగులను తరమమనో, తోటలు నరకమనో నేను అడగలేదు. పనసచెట్టు ఎంత ఈ నేలదో ఎలుగూ అంతే. ఆటస్థలానికి కంచె, దీపం, పొద్దుగూకే ముందే దాన్ని మూసేసే నియమం, బుకింగ్ సమయంలోనే ఎలుగుల గురించి తెలుగులో, ఒడియాలో స్పష్టమైన హెచ్చరిక, మూతపెట్టిన చెత్తతొట్టెలు అడిగాను. దీపం, కంచె వేయిస్తామని జవాబు వచ్చింది. హెచ్చరిక గురించి మౌనమే. బాధ్యత వహించబోమన్న కాగితాన్ని మార్చే ఆలోచన లేదని రాశారు.

వసతికి, భోజనానికి, పనివారి ఆదరణకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. పిల్లల భద్రతకు ఒకటి. పెద్దలు మాత్రమే వెళ్ళేట్టయితే, చీకటి పడ్డాక తోట వైపు పోకుండా జాగ్రత్తపడి వెళ్ళవచ్చు. పిల్లలతో వెళ్ళేవారు పనస పండే నెలలు తప్పించి శీతాకాలంలో వెళ్ళండి, తోటకు దూరంగా సముద్రం వైపు ఉన్న గదినే అడగండి, సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీదే "ఇక్కడ ఏయే జంతువుల ప్రమాదం ఉందో మాకు చెప్పారు" అన్న వాక్యం రాయించుకుని, ఆ జంతువుల పేర్లు వారి చేతనే నింపించండి.