డిఫెన్స్ టెస్టింగా, మామూలు ఐటీ టెస్టింగా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి దిగే ఫ్రెషర్స్‌కి రెండు దార్లు, ఒకటి హైటెక్ సిటీ వైపు వెబ్, యాప్ టెస్టింగ్, రెండోది డీఆర్డీఎల్, ఆర్సీఐ లాంటి డిఫెన్స్ ల్యాబులకి పనిచేసే కంపెనీల్లో ఎంబెడెడ్ టెస్టింగ్, అంటే పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం.

మొదటిదాంట్లో జావా, సెలీనియం (బ్రౌజర్‌ని దానంతటదే నడిపించే టూల్), ఏపీఐ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారిని చెక్ చేయడం) వస్తే మొదలెట్టొచ్చు, ఓపెనింగ్స్ ఎక్కువ, కంపెనీ మారడం ఈజీ. పోటీ కూడా అమీర్‌పేట నిండా ఉంది లెండి.

డిఫెన్స్ కథ వేరు. సి కోడ్ చదవడం రావాలి, విమానంలోకెళ్ళే సాఫ్ట్‌వేరైతే డీఓ-178సి అడుగుతారు, అది సివిల్ విమానాలకోసం 2011లో వచ్చిన స్టాండర్డే కానీ ఇక్కడా వాడతారు, అందులో లెవెల్ ఏ అంటే ఫెయిలైతే విమానమే కూలే రకం, దానికి ఎంసీడీసీ కవరేజ్ కావాలి, అంటే కోడ్‌లో ఒక ఇఫ్‌లో ఉన్న ప్రతి కండిషనూ విడిగా రిజల్ట్‌ని మార్చగలదని చూపించాలి, మూడు కండిషన్లుంటే కనీసం నాలుగు టెస్ట్ కేసులన్నమాట. ప్రతి టెస్టు వెనకా రిక్వైర్‌మెంట్ నంబరుండాలి, డాక్యుమెంట్లు రాసీ రాసీ చేతులు పడిపోతాయి. ల్యాబ్‌కెళ్తే ఫోన్ గేటు దగ్గరే, వర్క్ ఫ్రమ్ హోమ్ మర్చిపోండి.

జీతం తొందరగా పెరగాలంటే మొదటిదే. ఒకే బగ్ వెంట వారం పడే ఓపికుంటే మాత్రం నేను డిఫెన్సే అంటా, ఈసీఈ వాళ్ళైతే మరీను, ఆ అనుభవం తర్వాత కార్ల సాఫ్ట్‌వేర్‌కీ పనికొస్తుంది.