కిరండోల్ పాసింజర్‌లో అరకు: ఏళ్ల తరబడి ఎక్కినవాడి సమీక్ష

విశాఖపట్నంలో ఇల్లున్నవాళ్లకి ఒక డ్యూటీ తప్పదు. హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో, అమెరికా నుంచో వచ్చిన చుట్టాలు మొదటిరోజు బీచ్ చూసొచ్చి, రెండోరోజు "అరకు ఎప్పుడు?" అంటారు. అలా పొద్దున్నే కిరండోల్ వెళ్లే పాసింజర్ ఎన్నిసార్లు ఎక్కానో నాకే గుర్తులేదు. అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) రాకముందూ ఎక్కాను, వచ్చాకా ఎక్కాను. అడిగిన ప్రతివాళ్లకీ చెప్పే మాట ఒకటే. రైల్లో వెళ్లండి, రాత్రి అరకులో ఉండండి, మర్నాడు రోడ్డు మీద దిగిరండి. రానూపోనూ రైలే, అదీ ఒక్కరోజులో అనుకుంటే మాత్రం ప్రయాణంలో సగం చీకట్లో పోతుంది.

ఎందుకంటే పైకి వెళ్లే బండి ఉదయం ఏడు కాకముందే విశాఖలో బయలుదేరుతుంది. అన్నీ సవ్యంగా ఉంటే పదకొండు ప్రాంతానికి అరకు చేరుస్తుంది. ఘాట్ ఎక్కే సమయానికి మంచి వెలుతురు ఉంటుంది. తిరుగు బండి అలా కాదు. ఎక్కడో ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కిరండోల్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి, కోరాపుట్ కొండలన్నీ తిరిగి, సాయంత్రానికి అరకు వస్తుంది. కాస్త ఆలస్యమైందంటే, ముఖ్యంగా చలికాలంలో, లోయలు వచ్చేసరికి చీకటి పడిపోతుంది. కిటికీలో మన మొహమే కనిపిస్తుంది. ఇదే దారిలో విశాఖ నుంచి రాత్రి వెళ్లే కిరండోల్ ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. టికెట్ దొరికింది కదా అని దానికి బుక్ చేసుకునేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తారు. అది నిద్రపోయి వెళ్లడానికి బాగుంటుంది, కొండలు చూడడానికి కాదు.

ఆలస్యం గురించి టెన్షన్ పడకూడదంటే ఈ లైను సంగతి కొంచెం తెలియాలి. దీన్ని మనలాంటి పర్యాటకుల కోసం వేయలేదు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి, అక్కణ్నుంచి జపాన్‌కి పంపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండోల్ దాకా వేశారు. అందరూ కేకే లైను అనేది దీన్నే. ఇప్పటికీ ఆ ఖనిజమే ఈ దారికి ఆయువుపట్టు. రెండు మూడు ఇంజన్లు తగిలించుకున్న గూడ్సు దిగుతుంటే మన బండి చిమిడిపల్లిలోనో కరకవలసలోనో పక్కకి జరిగి నిలబడాల్సిందే. రెండో లైను పనులు కూడా సాగుతున్నాయి కాబట్టి నిలుపుదలలు మామూలే. నాకైతే బండి అలా ఆగడమే ఇష్టం. ప్లాట్‌ఫామ్ మీద దిగి నిలబడితే అడవి తప్ప ఇంకేమీ వినపడదు. అదే చంటిపిల్లలతో ఉన్నవాళ్లకి అంత సరదాగా ఉండదనుకోండి.

అసలు దృశ్యం ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాలి. సింహాచలం, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట వరకు మామూలు మైదానమే. తెచ్చుకున్న ఇడ్లీ పొట్లాలు అక్కడే ఖాళీ చేసెయ్యండి. బొడ్డవర దాటాక బండి కొండ పట్టుకుంటుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు వరకు సొరంగం మీద సొరంగం. మొత్తం లైను మీద 58 అని లెక్క చెబుతారు. పైకి వెళ్లేటప్పుడు లోయ ఎక్కువసేపు కుడివైపునే కనిపిస్తుంది. సీటు ఎంచుకునే వీలుంటే అటే తీసుకోండి. శిమిలిగుడలో బోర్డు మీద ఎత్తు సుమారు 996 మీటర్లని ఉంటుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషన్‌గా దానికి చాలాకాలం పేరు ఉండేది. తర్వాత కాశ్మీర్ లైను వచ్చి ఆ రికార్డు పట్టుకుపోయింది. అయినా జనం అక్కడ ఫోటో దిగడం మానలేదు.

ఇక అందరూ అడిగే అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్. 2017 ఏప్రిల్‌లో ఈ బండికి తగిలించారు. ఏసీ, అద్దాల పైకప్పు, పెద్ద పెద్ద కిటికీలు, ఎటు కావాలంటే అటు తిరిగే సీట్లు. పెద్దవాళ్లని తీసుకెళ్తే ఇంతకంటే సుఖం లేదు. తోపులాట ఉండదు, రెండు వైపులా కనిపిస్తుంది, మెడ తిప్పలేని మామయ్యలు సీటే తిప్పుకుంటారు. టికెట్ ధర మామూలు బోగీకి ఎన్నో రెట్లు. దానికి నేను పెద్దగా బాధపడను. నాకు నచ్చనిదల్లా ఆ కిటికీలు తెరుచుకోకపోవడం. ఫోటోల్లో మన నీడే పడుతుంది. వాన వెలిసిన అడవి వాసన లోపలికి రాదు. సొరంగంలోకి వెళ్లగానే మామూలు బోగీలో పిల్లాపెద్దా అంతా కలిసి వేసే కేకలు ఇక్కడ ఉండవు. మా అత్తయ్య కాసేపు చూసి, "ఏంట్రా, నన్ను అక్వేరియంలో కూర్చోబెట్టావు" అంది. ఆవిడని పక్క బోగీకి తీసుకెళ్తే కిటికీ ఊచ పట్టుకుని అరకు వచ్చేదాకా లేవలేదు.

కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లలు ఉంటే విస్టాడోమ్. కుర్రాళ్లయితే, వారం మధ్యలో అయితే, రిజర్వేషన్ ఉన్న మామూలు బోగీలో కిటికీ సీటు. శని, ఆదివారాల్లో, అందులోనూ కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా జనరల్ బోగీ జోలికి పోవద్దు. నిలబడడానికే చోటుండదు, లోయ సంగతి దేవుడెరుగు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ సీజన్‌లో అద్దాల పెట్టె కావాలంటే తెరిచిన రోజే కూర్చోవాలి. ఇంకోమాట, తలుపు దగ్గర వేలాడుతూ రీల్స్ తీసేవాళ్లు ఎక్కువయ్యారు. సొరంగం గోడ ఎంత దగ్గరగా వస్తుందో వాళ్లకి తెలియదు.

ఏ నెలలో వెళ్లాలంటే, నా ఓటు నవంబర్ రెండో సగానికి. లోయంతా వలిసె పూలు పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి, పొద్దున మంచు ఉంటుంది, ఆకాశం శుభ్రంగా ఉంటుంది. జనం కూడా అంతే ఉంటారు, అది వేరే విషయం. జలపాతాలు కావాలంటే ఆగస్టు, సెప్టెంబర్. అప్పుడు కొండల నిండా నీటి ధారలే. కానీ గట్టి వాన పడితే బండరాళ్లు పట్టాల మీద పడి బండ్లు రద్దవుతాయి, ఆ రిస్క్ ఒప్పుకునే వెళ్లాలి. ఎవరూ చెప్పని కాలం ఇంకొకటుంది. వేసవి మొదట్లో మొదటి జల్లులు పడ్డాక అనంతగిరి వైపు కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. మల్లెల్లాంటి వాసన వేస్తుంది. ఎండ ఉన్నా నేను అందుకోసం వెళ్తాను.

బొర్రాలో దిగాలా, అరకు దాకా పోవాలా? రాత్రి ఉండే ఉద్దేశం ఉంటే తిన్నగా అరకు పోండి. మధ్యాహ్నం గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చూసి, గిరిజన మ్యూజియం దగ్గరే ఉన్న కాఫీ మ్యూజియంలో ఒక కప్పు తాగండి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్కన ప్రతి బోర్డు మీదా అదే పేరుంటుంది కానీ అన్నీ ఆ కాఫీ కావు. బొంగు చికెన్ కూడా మన కళ్ల ముందు బొంగుని నిప్పుల మీద కాల్చి ఇచ్చేచోటే తినండి. గదులు పర్యాటక సంస్థ హరిత రిసార్టుల్లో ఉంటాయి, ప్రైవేటువి బోలెడు. వారాంతంలో అక్కడికెళ్లి వెతుక్కుందాం అనుకోవద్దు, రైలు టికెట్‌తోపాటే గది కూడా చూసుకోండి.

మర్నాడు కారులో దిగుతూ గాలికొండ దగ్గర ఆగి, తర్వాత బొర్రా వైపు మళ్లండి. గోస్తనీ నీరు తొలిచిన సున్నపురాయి గుహలవి. నిన్న మనం వచ్చిన రైలు పట్టాలు ఆ గుహల మీదుగానే పోతాయి. మెట్లు చాలా ఉంటాయి, పెద్దవాళ్లు సగం దాకా దిగినా చాలు. కోతులు చేతిలో సంచి ఉంచనివ్వవు. కారు లేకపోతే విశాఖకి ఆర్టీసీ బస్సులున్నాయి. ఘాట్ మలుపులకి కడుపు తిప్పేవాళ్లు ముందు సీటు, జేబులో నిమ్మకాయ చూసుకోవాలి. వానాకాలంలో అయితే ముందురోజు రాత్రే బండి నడుస్తోందో లేదో ఒకసారి యాప్‌లో చూసుకుని పడుకోండి. రద్దయితే అదే ఘాట్ రోడ్డు మీద పొద్దున్నే కారులో వెళ్లిపోవచ్చు, గది డబ్బులు పోవు.