బొసాన్ మంచు కింద: షామొనీలో రెండు రోజులు

జెనీవా ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రాన్స్‌లోని షామొనీ అనే కొండ ఊరికి బస్సులో గంటన్నర లోపే. మా బస్సు మాత్రం నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, అడుగుదామంటే అక్కడ మనిషే లేడు. తిరుగు ప్రయాణంలో విమానం పట్టుకోవాల్సి ఉంటే టైమ్ బాగా మిగుల్చుకోండి.

అందరూ ఆ ఊరికి మంచు చూడ్డానికి వెళ్తారు. నేనూ మా ఆవిడా వెళ్లింది మలబార్ ప్రిన్సెస్ కోసం. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ నడిపిన మొట్టమొదటి విమానం అది. నాలుగు ప్రొపెల్లర్ల లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. 1950 నవంబర్ 3న జెనీవాలో దిగాల్సింది, తుఫానులో షామొనీ పైనున్న మాంట్ బ్లాంక్ శిఖరానికి కాస్త దిగువన కొండను ఢీకొంది. 48 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఓడ పనికి ఇంగ్లండ్ వెళ్తున్న మన నావికులు. వాళ్లను వెతకడానికి బయల్దేరిన రెనే పయో అనే షామొనీ గైడ్ మంచు పగులులో పడి చనిపోయాడు. 1966లో దాదాపు అదే చోట కూలిన ఎయిర్ ఇండియా బోయింగ్ 707లో 117 మంది పోయారు, అందులో అణు శాస్త్రవేత్త హోమీ భాభా ఉన్నారు కాబట్టి ఆ ప్రమాదం మనకు గుర్తుంది. ఆ ఓడ పనివాళ్ల పేర్లు ఎవరి నోటా వినలేదు. నాకు అదే బాధ.

బస సంగతి: వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. కొండ కనిపిస్తుందని రాశారు గానీ కిటికీ పక్కింటి గోడవైపు ఉంది. గది శుభ్రం, వేడినీళ్లకు లోటు లేదు. వాళ్లిచ్చిన అతిథి కార్డుతో లోయలో బస్సులు ఉచితంగా తిరిగాం, అది చాలా కలిసొచ్చింది.

ఎగ్వీ దు మిదీ అనే శిఖరానికి కేబుల్ కారు ఉంది, పైన లిఫ్టు కూడా ఎక్కితే 3,842 మీటర్లకు చేరతాం. టికెట్ ఖరీదే, పైన తల తిరుగుతుంది, అయినా వెళ్లండి. మేం చూస్తుండగానే మబ్బు కమ్మింది. పది నిమిషాల పాటు, ఎదురుగా ఉన్న అంత పెద్ద కొండ లేనట్టే అయిపోయింది. ఆ కాక్‌పిట్‌లో వాళ్లకు ఏం కనిపించి ఉంటుందో అప్పుడు అర్థమైంది. మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

రెండో రోజు పొద్దున్నే బొసాన్ హిమానీనదం వైపు అడవి దారి. బూట్లు గట్టివి ఉండాలి. పైన కూలినవాటిని ఈ హిమానీనదం దశాబ్దాల పాటు మెల్లగా కిందికి మోసుకొచ్చి కరుగుతూ బయటపెడుతోంది. 2012లో మన విదేశాంగ శాఖ టపా సంచి దొరికింది. 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అవుతున్నారన్న వార్తతో 1966 నాటి పత్రికలు బయటపడ్డాయి, 1,350 మీటర్ల ఎత్తున సెర్రో అనే కేఫ్ నడిపే ఆయనకు. కేబుల్ కారుకూ ఈ నడకకూ ఒకటే ఎంచుకోమంటే నేను నడకే అంటాను.

దిగువన రాళ్ల మధ్య అరచేతి అంత అల్యూమినియం రేకు కనిపించింది. వంగిపోయింది, రివెట్లు మాత్రం వరసగా ఉన్నాయి. రెండు విమానాల్లో దేనిదో తెలియలేదు. కాసేపు పక్కన కూర్చుని, దాన్ని ఉన్నచోటే ఉంచి వచ్చేశాం.