రోగితో మాట్లాడటం నేర్పాలంటే: రోల్ ప్లేనా, నాటకమా, రాతా? ఏది మేలు?

2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ సిలబస్‌లో ఏట్‌కామ్ అనే భాగం ఉంది. దాంతో వైఖరి, నైతికత, మాట తీరు తప్పనిసరి పాఠాలయ్యాయి. వాటిని ఎలా నేర్పాలన్నదే ప్రశ్న. నేను వార్డులో విద్యార్థులతో మూడు దారులూ నడిచి చూశాను.

మొదటిది రోల్ ప్లే. ఒకరు రోగి, ఒకరు డాక్టర్. క్యాన్సర్ లాంటి చెడు కబురు చెప్పడానికి 2000లో వచ్చిన స్పైక్స్ పద్ధతిలో ఆరు మెట్లున్నాయి, వాటినే ఇలా ఆడిస్తాం. మొదటి నాలుగు ఇవి: కూర్చోబెట్టడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కోవడం, ఆ తర్వాతే విషయం. పరీక్ష పెట్టడం, మార్కులు వేయడం సులువు. ఇంటర్న్‌షిప్‌కు ముందు ఇది రావాల్సిందే. అయితే కంఠస్థం చేసిన వాక్యాన్ని రోగి ఇట్టే పట్టేస్తాడు.

రెండోది ఫోరం థియేటర్. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ రూపొందించిన ఈ పద్ధతిని ఢిల్లీలోని యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో వైద్య విద్యార్థులతో వాడారు. మేమూ ఒక ఓపీ సన్నివేశం ఆడించాం. డాక్టర్ భార్యను అడిగితే భర్త జవాబిస్తున్నాడు. చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచి పాత్రలోకి వెళ్లొచ్చు. మొదట వెళ్లిన అబ్బాయి భర్తను బయటికి పొమ్మన్నాడు, గొడవైంది. తర్వాత ఒక అమ్మాయి స్టూలు జరిపి భార్య పక్కన కూర్చుని, "మీరు చెప్పండమ్మా" అని ఊరుకుంది. నిమిషం పాటు గదిలో చప్పుడు లేదు. ఆ నిమిషాన్ని ఏ లెక్చర్‌లోనూ నేను నేర్పలేకపోయాను. ఇబ్బందల్లా, నడిపేవాళ్లకు శిక్షణ కావాలి, ఒకసారికి పాతికమందికి మించి కుదరదు. మన కాలేజీల్లో చాలాచోట్ల ఒక్కో బ్యాచ్‌లో అంతకు ఎన్నో రెట్ల మంది ఉంటారు.

మూడోది ప్యారలల్ చార్ట్. కొలంబియా యూనివర్సిటీలో డాక్టర్ రీటా షారన్ మొదలుపెట్టారు. కేస్ షీట్‌లో చోటు దొరకని సంగతిని వేరే కాగితం మీద మామూలు మాటల్లో రాయడం. మేం తెలుగులో రాయించాం, తేడా అక్కడే వచ్చింది. ఒక పెద్దావిడ కేస్ షీట్‌లో "మూడు వారాలుగా బ్రెత్‌లెస్‌నెస్" అని ఉంది. విద్యార్థి కాగితంలో ఆమె మాటే ఉంది: "మనవడిని ఎత్తుకుంటే ఆయాసం వస్తోంది బాబూ, అందుకే వాడిని ఎత్తుకోవడం మానేశాను." మర్నాడు రౌండ్స్‌లో ఆ కుర్రాడు మొదట అడిగింది మనవడి గురించే. ఆవిడ ముఖం విప్పారింది. అడగకుండానే, రాత్రి పడుకుంటే ఊపిరి ఆడటం లేదనీ, లేచి కూర్చుంటే నయమనీ చెప్పింది. గుండె జబ్బును అనుమానించాల్సిన ఆ ముక్క అంతవరకు కేస్ షీట్‌లో లేదు.

ఆల్ ఇండియా కోటాలో వచ్చిన, తెలుగు రాని పిల్లలకు మాత్రం నాటకమే మేలు. చూపు, కూర్చునే తీరు భాషకు ముందే పనిచేస్తాయి.

ఒక్క టీచరు, వారానికి ఒక్క గంట ఉన్న కాలేజీ అడిగితే నేను రాతకే ఓటేస్తాను. ఖర్చు ఒక్క కాగితం. దానికి మార్కులు మాత్రం వేయొద్దు, వేస్తే మార్కుల కోసం కన్నీళ్లు రాస్తారు. రోగి పేరు, బెడ్ నంబరు ఉండకూడదు. గుంపులో చదివించేటప్పుడు ముందు టీచరు తను రాసింది చదవాలి.